ఆరు మూలలా, ఆరు మొనలా? ఒక చుక్క పేరు గురించి

గ్రూపులో అందరికీ నమస్కారం. నల్లగొండ నుంచి రాస్తున్నాను. క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గర్లో నాకొక చిన్న డీటీపీ షాపుంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు చేస్తాను. పొద్దున షట్టర్ లేపినప్పటి నుంచి రాత్రి దించేదాకా తెలుగు అక్షరాలతోనే పని. అయినా మొన్న ఒక్క మాట దగ్గర నోరు పెగల్లేదు. అందుకే ఈ పోస్టు.

సుబ్రహ్మణ్య షష్ఠికి ఒక గుడి తరఫున ఫ్లెక్సీ చేయమని వచ్చారు. స్వామి బొమ్మ వెనకాల, రెండు త్రికోణాలు ఒకటి నిలువుగా ఒకటి తలకిందులుగా కలిసిన నక్షత్రం పెట్టాను. ఆరు మొనల్లో శ, ర, వ, ణ, భ, వ అని ఒక్కో అక్షరం కూర్చాను. పసుపు మీద కుంకుమ రంగు, మంచిగా కుదిరింది. ప్రూఫ్ చూడడానికి వచ్చిన పెద్దమనిషి కళ్లద్దాలు సర్దుకుని, "ఇది మనది కాదు గదా బాబూ, ఇజ్రాయిల్ జెండా మీద ఉంటది. తీసెయ్" అన్నాడు. "సార్, ఇది షట్కోణం, స్వామి యంత్రంలోదే" అన్నాను. "షట్కోణమంటే ఆరు పక్కలది. మా మనవడి లెక్కల పుస్తకంలో చూసిన. తేనెతుట్టె గది లెక్క ఉంటది. ఇది అది కాదు" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మౌస్ నొక్కి తీసేశాను. ఫ్లెక్సీ పోయింది, పండుగ అయిపోయింది. ఆ ఆరు మొనలు మాత్రం నాకు కళ్ల ముందు నుంచి పోలేదు.

నాలుగు రోజులు తిరక్కముందే ధనుర్మాసం వచ్చింది. పొద్దున్నే మా అమ్మ వాకిట్లో సాన్పి చల్లి చుక్కలు పెట్టి ముగ్గు కలుపుతుంటే చూద్దును కదా, అదే నక్షత్రం! "ఇదేం ముగ్గమ్మా" అంటే, "ఆరు మూలల చుక్క. మా అమ్మ నేర్పింది" అంది. ఆమెకు ఇజ్రాయిల్ తెలియదు, యంత్రం కూడా తెలియదు. కానీ పేరు తెలుసు.

ఇప్పుడు నా ప్రశ్న ఇది. ఈ ఆకారానికి తెలుగులో సరైన పేరు ఏది? షట్కోణమా, ఆరు కోణాల నక్షత్రమా, దావీదు నక్షత్రమా, మా అమ్మ అన్న ఆరు మూలల చుక్కా? పేపర్లలో "ఆరు పాయింట్ల నక్షత్రం" అని కూడా చూశాను. అది మాత్రం వద్దు. పాయింట్ అనే మాట పక్కన పెడితే మనకు మొన లేదా? కొన లేదా? కత్తికి మొన ఉంది, నాగలికి మొన ఉంది, చుక్కకెందుకు ఉండదు?

మహబూబ్‌నగర్ నుంచి, లెక్కల సారు:

అన్నా, ఆ పెద్దమనిషిని తప్పు పట్టకండి. ఆయన మనవడి పుస్తకంలో ఉన్న మాట షడ్భుజి. ఆరు భుజాలున్నది. ఏ బహుభుజిలోనైనా ఎన్ని భుజాలుంటే అన్నే కోణాలు. మూడు భుజాలుంటే త్రిభుజం, అదే త్రికోణం. ఆ లెక్కన షట్కోణం అన్నా షడ్భుజి అన్నా ఒకటే అవుతుంది. ఆయన వాదం అక్కడి నుంచే వచ్చింది.

మరి మీ నక్షత్రం సంగతేంటి? దాని అంచు వెంట వేలు పెట్టి నడిపించండి. భుజాలు 12, మూలలు 12 వస్తాయి. 6 మూలలు బయటికి పొడుచుకొచ్చినవి, ఒక్కొక్కటి 60 డిగ్రీలు. మిగతా 6 లోపలికి నొక్కుకుపోయినవి. కాబట్టి "ఆరు మూలల" అనేది కూడా లెక్కల ప్రకారం సగమే నిజం. బయటి కొసలనే లెక్కపెట్టేవాడు ఆరు అంటాడు. మీరన్న "మొన" ఉంది చూడండి, అది బయటికి పొడుచుకొచ్చిన దానికే చెల్లుతుంది. లోపలి మూలను మొన అని ఎవరూ అనరు. కాబట్టి నా ఓటు "ఆరు మొనల చుక్క"కు.

ఇంకో ముచ్చట కూడా చెప్తాను, పిల్లలకు బోర్డు మీద చూపిస్తే కళ్లు పెద్దవి చేసి చూస్తారు. ఆ నక్షత్రం కడుపులో ఒక షడ్భుజి ఉంటుంది. దాన్ని కేంద్రం నుంచి కోస్తే 6 చిన్న త్రిభుజాలు. బయట మొనలు కూడా 6 చిన్న త్రిభుజాలే, అదే సైజువి. అంటే కడుపు ఎంతో కొమ్ములన్నీ కలిపి అంత. మీ పెద్దమనిషి చెప్పిన తేనెతుట్టె గది, మీరు పెట్టిన చుక్క లోపలే ఉంది.

నల్లగొండ (పోస్టు పెట్టినవాణ్ని):

సార్, చాలా సంతోషం. మూలకూ మొనకూ తేడా ఇంత సూటిగా నాకు తట్టలేదు.

అచ్చు పనివాడిగా ఒకటి కలుపుతాను. "షడ్కోణం" అని రాసుకొచ్చిన కాగితాలు నా దగ్గరికి చాలా వస్తాయి. షడ్భుజి, షడ్రుచులు, షడ్జమం చూసి ఆ అలవాటు వస్తుంది. మూలమాట షష్. అది విడిగా నిలబడితే షట్ అవుతుంది. తర్వాత వచ్చేది గ, జ, ద, భ, ర లాంటి నాదం ఉన్న అక్షరమైతే ట కాస్తా డ అవుతుంది, అందుకే షడ్భుజి, షడ్రుచులు. ముక్కు అక్షరం వస్తే ణ అవుతుంది, అందుకే షణ్ముఖుడు. క, చ, త, ప వస్తే ట అట్లాగే ఉంటుంది, అందుకే షట్కోణం, షట్చక్రాలు. షోడశలో కూడా ఉన్నది ఈ షష్షే, పదితో కలిసి రూపం మార్చుకుంది. కాబట్టి దయచేసి షడ్కోణం అని రాయకండి. నేను దిద్దితే "మీకెందుకు, ఉన్నది ఉన్నట్టు కొట్టండి" అనేవాళ్లూ ఉన్నారు. అయినా దిద్దుతూనే ఉంటాను.

దేవరకొండ నుంచి:

అన్నా, నేను క్రైస్తవుణ్ని. మా దిక్కు చర్చిలు పాతవి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండల్లో మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ వాళ్లు దవాఖానలు, బడులు పెట్టారు. క్రిస్మస్‌కు ఇండ్ల మీద కాగితం నక్షత్రాలు కట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా. యేసు పుట్టినప్పుడు తూర్పు జ్ఞానులకు కనబడ్డ నక్షత్రానికి ఎన్ని మొనలో సువార్తలో లేదు. అంగట్లో దొరికేది ఎక్కువగా ఐదు మొనలదే. కాబట్టి ఆరు మొనలది క్రైస్తవుల గుర్తు అని ఎవరైనా అనుకుంటే అదీ పొరపాటే.

"దావీదు నక్షత్రం" అనే మాట గురించి చెప్తా. యూదులు వాళ్ల హీబ్రూలో దీన్ని నక్షత్రం అనరు. "మాగేన్ దావీద్" అంటారు. మాగేన్ అంటే డాలు. మన తెలుగు బైబిల్‌లో ఆ మాటకు "కేడెము" అని ఉంటుంది. కాబట్టి సరిగ్గా చెప్పాలంటే "దావీదు కేడెం" లేదా "దావీదు డాలు". ఇంగ్లీషు వాళ్లు స్టార్ అన్నారు, మనం వాళ్ల వెంట పోయి నక్షత్రం అన్నాం. డాలు ఆపద నుంచి కాచేది. నక్షత్రం ఆకాశంలో వెలిగేది. రెండూ ఒకటి కాదు.

యూదులకైనా ఇది మొదటి నుంచీ ఉన్న మతచిహ్నం కాదు. వాళ్ల పాత గుర్తు ఏడు కొమ్మల దీపస్తంభం. యేసు బోధించిన కపెర్నహూములో బయటపడ్డ యూదుల పాత ప్రార్థనామందిరం రాళ్ల మీద ఈ ఆరు మొనల చుక్క చెక్కి ఉంది. దాంతోపాటు ఐదు మొనల చుక్కా ఉంది, ఆకులూ తీగలూ ఉన్నాయి. అంటే అప్పటికి అది అలంకారం. 1008లో కైరోలో రాసిన హీబ్రూ బైబిల్ ప్రతి ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది, దానిలో ఒక పేజీ నిండా ఈ చుక్కే, గీతల పొడుగునా అక్షరాలు పేర్చి. ప్రాగ్ నగరంలో మాత్రం అది మెల్లగా యూదుల సమాజానికి గుర్తుగా నిలబడింది. 1354లో అక్కడి రాజు నాలుగో చార్లెస్ వాళ్లకు సొంత జెండా పట్టుకునే హక్కు ఇచ్చాడని చెబుతారు. మీకు నచ్చే ముచ్చట ఒకటుంది: 1512లో అదే ప్రాగ్‌లో అచ్చయిన హీబ్రూ ప్రార్థన పుస్తకంలో ఈ గుర్తు పెద్దగా వేశారు. మీలాంటి అచ్చు పనివాళ్లే దీన్ని ఊరూరా తిప్పారు.

యూదులకు సొంత దేశం కావాలన్న జియోనిస్టులు 1897లో బాసెల్‌లో జరిపిన మహాసభ దీన్ని పట్టుకుంది. 1948 అక్టోబర్ 28న ఇజ్రాయిల్ జెండా మీద అధికారికంగా ఎక్కింది. ఆ నడుమ జరిగింది చెప్పకుండా పోతే తప్పవుతుంది. 1939 నవంబర్‌లో నాజీలు ఆక్రమించిన పోలెండ్‌లో యూదులు తెల్ల పట్టీ మీద నీలం చుక్క చేతికి కట్టుకోవాలని హుకుం వచ్చింది. 1941 సెప్టెంబర్ 1న జర్మనీలో ఇంకో హుకుం. ఆరేళ్లు నిండిన ప్రతి యూదుడూ ఎడమ రొమ్ము మీద పసుపుపచ్చ గుడ్డ చుక్క కుట్టుకోవాలి, దాని మీద నల్లగా "యూదుడు" అని రాసి ఉండాలి. ఆరేళ్ల పిల్ల. మన దగ్గర ఒకటో తరగతిలో పలక పట్టుకునే వయసు. డాలు అని పేరున్న గుర్తును గురి చూసి కొట్టడానికి ఆనవాలు చేశారు. ఏడేళ్లకు దాన్నే జెండా మీదికి ఎక్కించుకున్నారంటే, ఆ గుర్తు వాళ్లకు ఏమిటో మనం అర్థం చేసుకోగలం.

మీ పెద్దమనిషి "మనది కాదు" అన్నాడు కదా అన్నా. "మనది కూడా" అంటే ఎవరికీ ఏమీ తరగదు.

నల్లగొండ (పోస్టు పెట్టినవాణ్ని):

తమ్మీ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆరేళ్ల పిల్ల దగ్గర ఆగిపోయాను. మాకూ ఆ వయసు మనవరాలుంది.

ఇకనుంచి యూదుల గుర్తు గురించి రాయాల్సి వస్తే "దావీదు డాలు" అనే రాస్తాను. కేడెం బైబిల్ చదివేవాళ్లకు తెలుస్తుంది, డాలు అందరికీ తెలుస్తుంది.

నల్లగొండ నుంచే, ఉర్దూ తెలిసిన ఒక పెద్దాయన:

బేటా, మా ఇంట్లో దీనికి పేరు మొహర్-ఎ-సులేమానీ. సులేమాన్ నబీ ఉంగరం మీది ముద్ర అని. దావూద్ కొడుకే సులేమాన్, మీరు సొలొమోను అనేది. తండ్రి పేరుతో డాలు, కొడుకు పేరుతో ముద్ర, చూడండి ఎట్ల కుదిరిందో. ఆ ముద్ర ఉన్న ఉంగరంతో ఆయన జిన్నులను అదుపులో పెట్టాడని కథ. అందుకే తాయెత్తుల్లో, ఇత్తడి గిన్నెల అడుగున ఈ గుర్తు చెక్కేవాళ్లు.

ఢిల్లీకి పోతే హుమాయూన్ మక్బరా చూడండి. ఎర్రరాతి కమానుకు కుడి ఎడమల, పై మూలల్లో ఆరు మొనల చుక్కలు తెల్లగా కనబడతాయి. 16వ శతాబ్దం కట్టడం అది. తుర్కుల నౌకాసేనాని ఖైరుద్దీన్ బార్బరోసా జెండా మీద కూడా ఇదే ఉంది, ఇస్తాంబుల్ మ్యూజియంలో పెట్టారు. మొరాకో దేశం పాత రాగి నాణేల మీద ఆరు మొనలు. 1915లో వాళ్లు జెండా మీద ఆకుపచ్చ చుక్క పెట్టినప్పుడు మాత్రం ఐదు మొనలు చేశారు. అయినా సులేమాన్ ముద్ర అనే పేరు దానికీ ఉంది. అంటే ఈ పేరు ఐదుకూ ఆరుకూ రెంటికీ నడిచింది. కాబట్టి ఆ పేరుతో ఆకారాన్ని లెక్కగట్టలేం.

గద్వాల నుంచి:

నాదొక చిన్న సందేహం. మా జోగులాంబ అమ్మవారి గుడి దగ్గర అమ్మే రాగిరేకుల మీద ఉండేది ఇదేనా? దాన్నీ కొందరు షట్కోణం అంటారు.

నల్లగొండ (పోస్టు పెట్టినవాణ్ని):

అక్కా, రేకు మీద బోలెడు త్రికోణాలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటే అది శ్రీచక్రం అయ్యుంటుంది. దానిలో 9 పెద్ద త్రికోణాలు, 4 పైకి చూసేవి, 5 కిందికి చూసేవి. అవి కోసుకున్న చోట 43 చిన్న త్రికోణాలు వస్తాయి. షట్కోణంలో ఉండేవి రెండే పెద్దవి, ఒకటి పైకి, ఒకటి కిందికి.

మన శాస్త్రాల్లో షట్కోణం చోటు వేరే ఉంది. యోగంలో గుండె దగ్గర ఉంటుందని చెప్పే అనాహత చక్రం అంటే 12 రేకుల పద్మం, దాని నడుమ షట్కోణం, యం అనే బీజాక్షరం. ఇంకా మన ఇంటి దగ్గరి సంగతి చెప్పాలి. ఆగమాల ప్రకారం సుదర్శనుణ్ని విగ్రహంగా మలిస్తే ఆయన నిలబడేది షట్కోణంలోనే. ఆ విగ్రహం వీపు వైపుకు పోతే యోగనరసింహుడు త్రికోణంలో కూర్చుని ఉంటాడు. సుదర్శనం, నరసింహుడు ఒకే రాయికి రెండు వైపులన్నమాట. యాదగిరిగుట్టకు దారి తెలియని భక్తులకు శిఖరం మీది సుదర్శన చక్రమే దిక్కు చూపించిందని మన దిక్కు ముసలివాళ్లు చెప్పే కథ మీరందరూ విన్నదే. నరసింహస్వామి సీమలో పుట్టి, ఆ పెద్దమనిషి ముందు ఈ మాట తట్టకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పైకి చూసే త్రికోణం నిప్పు, శివుడు. కిందికి చూసేది నీరు, శక్తి. ఎక్కడో యూరప్‌లో రసవాదులు కూడా నిప్పుకు పైకి, నీటికి కిందికి త్రికోణం గీశారు. మంట పైకి లేస్తుంది, నీళ్లు కిందికి పారతాయి. పొయ్యి ముందు కూర్చున్న ఎవరికైనా ఇది తట్టేదే.

మిర్యాలగూడ నుంచి:

అన్నా, అమ్మగారి ముగ్గు ఎన్ని చుక్కలది? సందు చుక్కా, ఎదురు చుక్కా? అది చెప్పకుండా ముగ్గు ముచ్చట తీస్తే ఎట్లా!

నల్లగొండ (పోస్టు పెట్టినవాణ్ని):

అడిగి కూర్చుని చూసి మరీ రాస్తున్నాను అక్కా. సందు చుక్కే. ఎదురు చుక్కలతో ఈ ఆకారం రాదంది అమ్మ. 5 నుంచి 3 దాకా సందు చుక్కలు. అంటే నడుమ వరసలో 5, దానికి పైన సందుల్లో 4, ఆ పైన 3. కింద కూడా అట్లాగే 4, 3. మొత్తం 19 చుక్కలు.

అమ్మ ముగ్గుపిండి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని ముందు పై వరస నడిమి చుక్క మీద పెట్టింది. అక్కడి నుంచి ఏటవాలుగా కుడికి, దారిలో రెండు చుక్కలను తాకుతూ, కింది 4 చుక్కల వరసలో కుడి చివర దాకా గీసింది. అదే వరస మీదుగా ఎడమ చివరకు, అక్కడి నుంచి మళ్లీ పైకి మొదటి చుక్కకు. ఒక త్రికోణం పూర్తి. తర్వాత అట్టడుగు వరస నడిమి చుక్కతో మొదలుపెట్టి తలకిందులుగా ఇంకోటి. చెయ్యి ఎక్కడా తడబడలేదు. 19లో 13 చుక్కలు నక్షత్రంలో కలిశాయి. 12 అంచు మూలలకు, ఒకటి సరిగ్గా నడుమ. లెక్కల సారు చెప్పిన 12 మూలలు ఇవే. బయట 6 చుక్కలు మిగిలాయి, మొనకూ మొనకూ నడుమ ఒక్కొక్కటి. వాటికి చిన్న పూలు వేసింది.

మన భాష గొప్పతనం ఇక్కడ చూడండి. పిండితో నేల మీద పెట్టేది చుక్క. ఆకాశంలో పొడిచేది చుక్క. కారేది కూడా చుక్కే. "ఆరు మూలల చుక్క" అని అమ్మ అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది ఆకాశంలోదా, నేల మీదదా అని అడిగాను. "చుక్కలతో వేస్తే చుక్క వస్తది, అంతే గదా" అంది. సంస్కృతంలో నక్షత్రం, తార ఉన్నాయి కానీ ఆ రెండూ నేల మీదికి దిగవు.

ఇంకొకటి. ఫోన్లో ఈ ఆకారానికి రెండు ఇమోజీలున్నాయి. ఒకటి దావీదు డాలు. రెండోదానికి నడుమ ఒక చుక్క ఉంటుంది, 2010లో యూనికోడ్‌లో చేర్చారు, దాని ఇంగ్లీషు పేరుకు అర్థం చుక్క ఉన్న ఆరు మొనల నక్షత్రం అని. మా అమ్మకు చూపిస్తే "నడిమి చుక్క మర్చిపోలేదు, మంచిది" అంది.

భువనగిరి నుంచి:

మా మేనల్లుడు జర్మనీలో పనిచేస్తాడు. బవేరియాలో ఓబెర్‌ఫాల్జ్ అనే ప్రాంతంలో ఇండ్లవాళ్లు వంతులవారీగా జోయ్‌గల్ అనే బీరు అమ్ముతారట. ఎవరి వంతు అయితే వాళ్ల ఇంటి ముందు ఈ ఆరు మొనల చుక్కను కర్రకు కట్టి వేలాడదీస్తారు. మన దిక్కు కల్లు మండువకు ఆనవాలు పెట్టినట్టు అనుకోండి. యూదులకూ దానికీ సంబంధం లేదు. ఒకే ఆకారం, ఒక చోట దేవుడిది, ఒక చోట దాహానిది.

సూర్యాపేట నుంచి, ఫిజిక్స్ చెప్పే లెక్చరర్:

జపాన్‌లో దీని పేరు వింటే మీ అమ్మగారు సంతోషిస్తారు. "కాగోమే". కాగో అంటే బుట్ట, మే అంటే కన్ను. బుట్ట కన్ను. వెదురు బద్దలను మూడు దిక్కుల్లో అల్లితే ఆరు పక్కల రంధ్రం, దాని చుట్టూ త్రికోణాలు వస్తాయి. ఆ త్రికోణాలను కలిపి చూస్తే ఆరు మొనల చుక్క. ఆ బుట్ట కన్నునే వాళ్లు ఇంటి ముద్రగా వాడారు. 1951లో జపాన్ భౌతికశాస్త్రవేత్త ఇతిరో స్యోజి అయస్కాంతాల గురించి రాసిన వ్యాసంలో పరమాణువులు ఈ అల్లిక లెక్క అమరిన జాలకానికి కాగోమే అనే పేరు వాడాడు. ప్రపంచమంతా ఇప్పుడు అదే పేరు. బుట్టలల్లేవాళ్ల మాట పెద్ద పెద్ద సైన్సు పత్రికల్లో ఉంది.

తెలుగులో కూడా వలకు కన్ను అంటాం కదా. చిన్నకన్ను వల, పెద్దకన్ను వల అని చెరువుల దగ్గర వింటాం. వాళ్ల మే, మన కన్ను, ఒకే చూపు.

నల్లగొండ (పోస్టు పెట్టినవాణ్ని):

సార్, మీ పోస్టు చదివి ఆదివారం షాపు బందు పెట్టి సంతకు పోయాను. బుట్టలు, తట్టలు, జల్లెడలు పేర్చుకుని కూర్చున్న మేదరి అవ్వ దగ్గర కోళ్లను కమ్మే గంప ఉంది. చిన్నప్పటి నుంచీ చూసిన గంపే. ఇన్నేళ్లూ దాన్ని బోర్లించి, ఎత్తి, కోళ్లను వదిలి, మళ్లీ కమ్మి, ఒక్కసారి కూడా దాని కన్ను వైపు చూడలేదు.

చేతిలోకి తీసుకుని చూశాను. అర వేలు వెడల్పు వెదురు బద్దలు. కొన్ని అడ్డంగా, కొన్ని కుడికి వాలి, కొన్ని ఎడమకు వాలి. ఒకదాని కింద నుంచి, ఒకదాని మీద నుంచి. నడుమ ఆరు పక్కల కన్ను, కోడిపిల్ల తల పెట్టి తొంగిచూసేంత. ఆ కన్ను చుట్టూ ఆరు చిన్న త్రికోణాల సందులు. కంటి చుట్టూ ఉన్న ఆరు బద్దల వెంట చూపును ముందుకు పోనిస్తే మా అమ్మ ముగ్గు, నా ఫ్లెక్సీలో తీసేసిన చుక్క, అదే ప్రత్యక్షమయింది. ఒకటి కాదు, గంప నిండా అవే.

చిన్నప్పుడు మా నాయిన చలికాలం రాత్రి కళ్లంలో పడుకోబెట్టుకుని ఆకాశంలో చిన్న గుంపు చూపించి "అది పిల్లలకోడి" అనేవాడు. కృత్తికలు అని తర్వాత బడిలో నేర్చుకున్నాను. మామూలు కంటికి ఆరు కనబడతాయి. ఆ ఆరుగురు తల్లుల పాలు తాగినవాడు కాబట్టే ఆయన కార్తికేయుడు, ఆరు ముఖాల షణ్ముఖుడు, ఆయన యంత్రం షట్కోణం. పైన పిల్లలకోడి, కింద కోళ్ల గంప. రెండు చోట్లా ఆరు. ఇది నేను కూర్చుకున్న జత మాత్రమే, శాస్త్రం అని చెప్పడం లేదు. కానీ సంతలో నిలబడి అది తట్టినప్పుడు ఒళ్లు జలదరించింది.

అవ్వను అడిగాను. "అవ్వా, ఈ సందును ఏమంటవు?" "కన్ను." "మరి చుట్టూ ఈ చుక్క లెక్క ఉన్నది?" ఆమె గంపను తిప్పి చూసింది. "చుక్క నేనెక్కడ ఏసిన బిడ్డా. నేను కన్నే ఏసిన. కన్ను సరిగ్గ పడితే చుక్క దానంతటదే పడ్తది" అంది.

నా మటుకు నేను తేల్చుకున్నది చెప్తాను. ఆకారానికి "ఆరు మొనల చుక్క" అంటాను. యంత్రంలో ఉన్నప్పుడు షట్కోణం, యూదుల గుర్తుగా ఉన్నప్పుడు దావీదు డాలు, పెద్దాయన ఇంట్లో మొహర్-ఎ-సులేమానీ. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పేరు. షడ్భుజికి మాత్రం షట్కోణం పేరు పెట్టకండి, కోణాల లెక్క సరిపోయినా సరే. ఆ ఒక్క గందరగోళంతోనే నా ఫ్లెక్సీ పోయింది. మా అమ్మ మాత్రం "మూలలే" అంటోంది. ఆమెతో వాదన పెట్టుకోలేదు.

మిర్యాలగూడ నుంచి:

అమ్మగారిదే నెగ్గుతది, చూస్తుండండి అన్నా. ఆ గంప కొన్నారా మరి?

నల్లగొండ (పోస్టు పెట్టినవాణ్ని):

కొన్నాను అక్కా. షాపులో కంప్యూటర్ పైన గోడకు తగిలించాను. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే ఆ గోడ మీదే గంప నీడ పడుతుంది, కన్నూ చుక్కా రెండూ కనబడతాయి. సంక్రాంతి ముగ్గుల పోటీకి పోస్టర్ చేయమని ఆ గుడి పెద్దమనిషే మళ్లీ వచ్చాడు. ఆ నీడను చూసి "ఇదేంది" అన్నాడు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించి, కపెర్నహూము నుంచి కోళ్ల గంప దాకా మొత్తం చెప్పాను. చివరిదాకా విన్నాడు. పోస్టర్‌లో అమ్మ ముగ్గే పెట్టాం, 5 నుంచి 3 దాకా సందు చుక్క, బయటి ఆరు పూలతో సహా.

వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దిక్కు వాళ్లెవరూ ఇంకా మాట్లాడలేదు. మీ ఊరి మేదరి వాళ్లు ఆ అల్లికకు వేరే పేరు ఏదైనా చెబుతారేమో ఒకసారి అడిగి రాయండి.